కుంచెడు ఉల్లి ఇత్తనం

మా ఇంటాయన ఇల్లుటం వచ్చాడు. అంటే పెళ్ళయ్యాక నేను అత్తగారింటికి కాపురానికి పోలేదు, ఆయనే మా ఇంటికి వచ్చాడు. మా అవ్వ, నన్ను కన్నతల్లి, నాకు నాలుగేళ్ళప్పుడే పోయింది. బాపుకు నేనొక్కదాన్నే. హుజూరాబాదుకు రెండు కోసుల దూరంలో మాకు ఒక మోటబావి, దాని కింద ఎకరం పొలం, పది గుంటల తోట ఉండేవి. ఇంటికి మగదిక్కు కావాలని ఊరంతా చెవిలో జోరీగలా పోరితే బాపు ఎక్కడో ఆదిలాబాదు అవతల నుంచి అల్లుణ్ణి వెతికి తెచ్చుకున్నాడు. మగదిక్కు అనే మాట వింటే నాకు అప్పుడూ ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతుంది. మోట తోలింది నేను, కలుపు తీసింది నేను, అంగట్లో బేరం చేసింది నేను. సరే, వచ్చినాయన మంచివాడు కాబట్టి ఆ కోపం ఆయన మీద చూపలేదు.

ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేటి సంగతి ఇది. పెళ్ళయి ఏడాది కావస్తున్నా మామా అల్లుళ్ళు ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. కొట్లాట ఏమీ లేదు. మొదట్లో అది మర్యాద. మామ ఎదుట అల్లుడు నోరు విప్పొద్దు, అల్లుడి ముఖం మీద మామ పని చెప్పొద్దు. రెండు మూడు నెలలకు సడలాల్సిన ఆ మర్యాద మా ఇంట్లో బిగుసుకుపోయింది. "చిన్నోడు, ఆయననే ముందుగాల పలుకరియ్యాలె" అని బాపు. "పెద్దాయన, ఆయననే పిలువాలె" అని ఈయన. ఇక మిగిలింది నా నోరు.

ఇద్దరూ ఒకే అరుగు మీద జానెడు ఎడంలో కూర్చునేవాళ్ళు. నేను లోపల పొయ్యి దగ్గర ఉండేదాన్ని.

"మీ బాపును అడుగు, ఎడ్లకు నీళ్ళు పెట్టిండా అని," అని ఈయన కేకేసేవాడు.

"పెట్టిన అని చెప్పు," అని నేను అడగకముందే బాపు జవాబిచ్చేవాడు.

ఆ జవాబు ఈయన చెవిన పడేది. అయినా నేను బయటికి వచ్చి, "పెట్టిండట," అని చెప్పేదాకా లేచేవాడు కాదు. రోజుకు ఇలాంటివి యాభై. నవ్వులాటగా ఉంటుంది కానీ, చేసినదానికి తెలుస్తుంది. సాయంత్రానికి నా గొంతు నాదిలా ఉండేది కాదు.

ఇప్పుడు ఉల్లిగడ్డ సంగతి చెప్పాలి. మా తోటలో ఏటా వేసేది గుత్తుల్లి. మామూలు ఉల్లిగడ్డ కాదు, చిన్నది, ఎర్రది, ఘాటు ఎక్కువ. ఒక్క గడ్డ పాతితే దాని చుట్టూ ఐదారు గడ్డలు ఊరతాయి. వాటిలో బాగున్నవి ఏరి, అటక మీద ఆరబెట్టి, దసరా దాటాక మళ్ళీ పాతుతాం. బాపు తాత నాటి నుంచీ అదే వరస. మా ఊళ్ళో పసుపుకు పసుపు కొమ్మే ఇత్తనం, ఎల్లిగడ్డకు ఎల్లిపాయే ఇత్తనం, ఉల్లికి ఉల్లిగడ్డే ఇత్తనం. ఉల్లికి నల్లటి గింజ ఉంటుందని కూడా చాలామందికి తెలియదు. మడిలో ఎక్కడైనా పూకాడ లేస్తే, గడ్డ బలమంతా తినేస్తుందని బాపు అక్కడికక్కడే తుంచేసేవాడు.

నాకు మాత్రం తెలుసు. పెళ్ళయిన కొత్తలో పది రోజులు అత్తగారింట్లో ఉన్నాను. అక్కడ మా అత్త ఎండిన ఉల్లిపూల బంతుల్ని చాటలో వేసి నలిపి చెరుగుతుంటే నల్లటి గింజలు రాలాయి. వాళ్ళ దిక్కు మరాఠీ కలుస్తుంది, ఉల్లిని కాందా అంటారు. "ఏంది అత్తా అవి?" అని అడిగితే, "కాందా ఇత్తనం. గింజ ఇత్తాలె, గడ్డ తినాలె. తినే గడ్డను మట్టిల పెడుతరా ఎవలన్న?" అని నవ్వింది. మా ఊళ్ళో పెడతారని నేను చెప్పలేదు, కొత్త కోడలిని కదా.

ఆ ఏడు ముసురు వదలక అటక మీది గడ్డలన్నీ కుళ్ళిపోయాయి. ఇల్లంతా ఒకటే కంపు. దసరా వెళ్ళింది, బాపు మళ్ళు కట్టి సిద్ధం చేసుకున్నాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ నేను బావికీ ఇంటికీ మధ్య మాటలు మోస్తూనే ఉన్నాను. తాడు తెగింది చెప్పు, కొత్త తాడు ఎక్కడుందో అడుగు, దూలం మీద ఉందని చెప్పు. నేను తాడు సంగతి చెప్పి వచ్చేసరికి పెనం మీద జొన్నరొట్టె బొగ్గయింది. తినేటప్పుడు బాపు, "రొట్టె మాడింది," అన్నాడు. ఈయన ఊరుకోవచ్చు కదా, "మాడినా మంచిగనే ఉన్నదని మీ బాపుకు చెప్పు," అన్నాడు. బాపు ఆయన కంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి పొగకు కాదు, కోపానికి.

చేతులు కడుక్కుంటూ బాపు అన్నాడు: "నీ మొగనికి చెప్పు బిడ్డా, రేపు హుజూరాబాద్ అంగడికి పోయి కుంచెడు ఉల్లి ఇత్తనం తెమ్మను." ఆ పనికని దాచిన డబ్బు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కుంచమంటే నాలుగు మానికలు. మా చిన్న గడ్డల్ని గింజల్లాగే కుంచంతో కొలిచేవాళ్ళం.

నేను పెరట్లో ఉన్న ఈయనతో అదే మాట, అంతే మాట చెప్పి డబ్బు చేతిలో పెట్టాను. ఆయన కళ్ళు పెద్దవి చేశాడు.

"కుంచెడా? ఉల్లి ఇత్తనం కుంచెడా? మీ బాపుకు నిజంగ గంత గావాల్నా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన మనసులో ఉన్నవి నల్ల గింజలని, బాపు అడిగింది గడ్డలని. పోయినేడు మేము గడ్డలు పాతాకే ఆయన మా ఇంటికి వచ్చాడు, పాతడం చూడలేదు. ఒక్క మాట అంటే అయిపోయేది. నేను అనలేదు.

"గట్లనే అన్నడు," అన్నాను.

"జర అడుగరాదు, నిజంగ కుంచెడేనా అని."

"నువ్వే అడుగు. ఆయనకు చెవులున్నయి, నీకు నోరున్నది," అని చీపురు పట్టుకుని లోపలికి పోయాను. అడుగుతాడనే అనుకున్నాను. ఒట్టు, అడుగుతాడనే అనుకున్నాను. పొద్దున లేచేసరికి ఆయన అంగడికి పోయాడు.

పొద్దుగూకే వేళకు వచ్చాడు. తలరుమాలు విప్పి అరుగు మీద పరిచాడు. అందులో మూడు చిన్న మూటలు. ముఖం వెలిగిపోతోంది. "చెప్పు మీ బాపుకు. అంగడంత ఊడ్సి తెచ్చిన. కుంచెడు యాడ దొరుకుతది? ముగ్గురి దగ్గర కలిపి మూడు మానికలు దొరికింది. కిరాణం సేటు దగ్గరున్నది సుత ఇడువలే. ఉల్లి ఇత్తనమని ఉర్దూల ప్యాజ్ కే బీజ్ అంటె డబ్బల అడుగు దాక తీసి ఇచ్చిండు."

బాపు ఒక మూట విప్పి గింజల్ని అరచేతిలోకి పోసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "గిదేంది బిడ్డా?" అని నన్ను అడిగాడు.

"ఇత్తనమని చెప్పు," అన్నాడు ఈయన, గొంతు తగ్గించి.

"ఇత్తనమట. గడ్డలేవి, అడుగు."

"ఇత్తనమంటె గడ్డలెందుకుంటయ్, అడుగు."

నేను ఏదీ అడగలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. దాచిన డబ్బంతా ఆ మూడు మూటలైపోయింది, గడ్డలు కొనడానికి మళ్ళీ ఏమీ లేదు, అదును దాటిపోతోంది. బాపు గింజల్ని జాగ్రత్తగా మూటలోకే వంపి, పార తీసుకుని బావి దిక్కు పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులకు నాతో చెప్పించాడు: "తెచ్చినోన్నే ఇత్తుకొమ్మను. కొసకున్న మడి ఒక్కటి ఇస్త." తక్కిన మళ్ళలో మూతి ముడుచుకుని కొత్తిమీర చల్లాడు.

ఆ కొస మడిలో మేమిద్దరం మెత్తగా దున్ని, జల్లించిన ఎరువూ బూడిదా కలిపి, మూడు మూటలకు మూడు పట్టీలు చేసి నారు పోశాం. పైన పల్చగా వరిగడ్డి కప్పాం. మిగిలిన గింజల్ని చూసి ఇరుగింటామె, "ఓసి పిచ్చిదానా, గివి కలోంజి గింజలు గదనే! తొక్కుల వేసుకునేటియి. కిరాణం దుకాణంల ప్యాజ్ కే బీజ్ అంటె గివే ఇస్తరు," అంది. వాసన చూస్తే తెలుస్తుందంది. గింజల్ని వేళ్ళ మధ్య నలిపి చూశాను. పుట్టినప్పటి నుంచీ ఉల్లి మళ్ళలో ఉన్న చేతులు, నాకు ఏది నలిపినా ఉల్లి వాసనే వచ్చింది. మూడింటిలో ఏది ఉల్లో, ఏది కాదో, ఏది పాతబడి చచ్చిన గింజో ఎవరికీ తెలియదు.

ఆ వారంలోనే ఆదిలాబాదు నుంచి పత్తి లారీ డ్రైవరుతో మా ఇంటాయన అన్న కబురు పంపాడు. జిన్నింగు మిల్లులో పని మొదలవుతోంది, మనిషి కావాలి, పెళ్ళాన్ని తీసుకుని రమ్మని. మర్నాడు మడికి నీళ్ళు చల్లుతూ ఈయన చెప్పాడు:

"నాకు మిల్లు మీద పాణం లేదు. కని ఎన్ని దినాలని గిట్ల ఉండాలె? గోడతోని కాపురం చేసినట్టున్నది. గీ ఉల్లి తీసేదాక చూస్త. గప్పటికి మీ బాపు నాతోని ఒక్క మాట మాట్లాడితె ఉంట. లేకుంటె పోదాం. రానంటవా, నీ ఇష్టం."

నీ ఇష్టమట! బాపును వదిలితే నేను బతకలేను. ఈయన్ని వదలడం కూడా నా వల్ల కాదు, ఆ సంగతి అప్పటికి నాకు బాగానే తెలిసింది. పైగా ఈ పరేషాన్ అంతా నేను మింగేసిన ఒక్క మాట వల్ల వచ్చింది. ఎవరికైనా చెబుదామంటే భయం. అంతకుముందు నాకు భయమంటే ఏమిటో తెలియదు, ఊళ్ళో నన్నే గయ్యాళి అనేవాళ్ళు.

రోజూ తెల్లవారగానే పోయి గడ్డి ఎత్తి చూసేదాన్ని. ఆరో రోజు ఏమీ లేదు. ఏడో రోజు చీమలు. ఎనిమిదో రోజు మొదటి పట్టీలో మట్టి అక్కడక్కడా పగిలి ఉంది. వంగి చూశాను. ఉల్లి మొలక తల ముందు పెట్టుకుని రాదు. నడుము వంచి, ఆ నడుముతో మట్టిని ఎత్తుకుని వస్తుంది, తల తర్వాత లేస్తుంది. అలాంటి పచ్చటి నడుములు ఒకటి, రెండు, పది, పట్టీ అంతా. రెండో పట్టీలోనూ అవే. నేను అక్కడే తడి మట్టిలో కూలబడి ఏడ్చాను, వెంటనే నవ్వాను. ఆయన పరుగెత్తుకొచ్చి, "కాందానా?" అని అడిగాడు. అంత నిమ్మళం నా జన్మలో అంతకుముందు లేదు. మూడో పట్టీ ఇంకో నాలుగు రోజులకు రెండాకులు విప్పి మొలిచింది. అది కలోంజే. ఎండాకాలంలో మామిడికాయ తొక్కులో ఊరంతా దాన్నే వేసుకుంది.

బాపు వచ్చి నారు చూసి వెళ్ళాడు. మర్నాడు చూస్తే కోళ్ళు రాకుండా మడి చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. నేను వేయలేదు, ఈయన వేయలేదు.

కొత్తిమీర కోత అయిపోయాక ఆ మళ్ళల్లోకి నారు నాటాం. గడ్డ పెట్టిన పైరుకూ గింజ వేసిన పైరుకూ ఎంత తేడానో ఆ నెలల్లో నా నడుముకు తెలిసింది. గడ్డలో దాని తిండి దానికి ఉంటుంది, పెట్టిన వారానికే కాడ వేసి కలుపును తొక్కేస్తుంది. నారు అలా కాదు, వెంట్రుకంత ఉంటుంది. గరిక లేచినా చస్తుంది, నీళ్ళు నిలిచినా చస్తుంది. పుష్యమాసంలో పక్క తోటలవాళ్ళు గుత్తులకు గుత్తులు తీసి అంగడికి తోలుతుంటే మావి ఇంకా గడ్డిపోచల్లా ఊగుతున్నాయి. "ఆదిలాబాద్ గడ్డి మంచిగ పెరిగిందా పటేలా? ఎడ్లకేస్తవా?" అని ఒకాయన బాపును ఆటపట్టించాడు. బాపు ఆయన మీదికి కర్ర ఎత్తాడట. ఆ సంగతి ఈయనకు నేనే చెప్పాను. "నువ్వెందుకు చెప్పుడు? మీ బాపునే నాతోని చెప్పనీ," అన్నాడు ఈయన.

కాముని పున్నమి దాటింది. కాడలు మెడ దగ్గర మెత్తబడి పడిపోయాయి, అంటే తీయొచ్చన్నమాట. ఆ పొద్దున నేను లేచేసరికి ఆయన ధోవతులు రెండూ మడతపెట్టి ట్రంకుపెట్టె మీద ఉన్నాయి. నేను చూసీ చూడనట్టు మంచినీళ్ళ చెంబు తీసుకుని తోటకు నడిచాను.

ముగ్గురం ఒకే మడిలో దిగాం. బాపు మొదటి మొక్క పీకి మట్టి దులిపాడు. ఒక్కటే గడ్డ. ఎర్రగా, గట్టిగా, పిడికిట్లో పట్టేంత. రెండోది పీకాడు, ఒక్కటే. మూడోదీ ఒక్కటే. ఆయన జీవితంలో ఉల్లి మొక్క పీకితే గుత్తి రాకపోవడం అదే మొదలు.

"నీ మొగన్ని అడుగు బిడ్డా," అన్నాడు మట్టిలోకి చూస్తూ, "గుత్తి ఏదని."

ఈయన ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాడు. "మీ బాపుకు చెప్పు. గింజకు ఒక్కటే ఊరుతది. గీ ఒక్కదాన్ని ఇత్తనం పెడితె వచ్చేడు గుత్తి అయితది. గింజ నుంచి వచ్చింది రోగం లేనిది, అటక మీద తొందరగ కుళ్ళది."

"ఎన్ని దినాలుంటదట?"

"వానకాలం ఎల్లేదాక ఉంటదని చెప్పు."

ఇద్దరూ నా ముఖం చూస్తున్నారు, నేను ఆ మాట అటు మోయాలని. నాలో ఏదో తెగింది. చేతిలో ఉన్న గడ్డను నేలకేసి కొట్టాను.

"నేను చెప్ప! ఇగ నేను ఎవ్వలకు ఏం చెప్ప! మీ నోళ్ళు పడిపోయినయా? గీ మాటలు మోసి మోసి గా దినం నేను కావాల్ననే చెప్పలే! బాపు గడ్డలడిగిండని నాకెరుకే. గీయన గింజలనుకున్నడని సుత ఎరుకే. అత్తగారింట్ల కండ్లతోని చూసిన. ఒక్క మాట చెప్పకుంట నోరు మూసుకున్న. డబ్బు పోయింది, అదును పోయింది, అంత నా వల్లనే. ఏం చేస్తరో చేసుకోండ్రి!"

బాపు మెల్లగా నడుము నిలబెట్టాడు. నన్ను చూశాడు. తర్వాత ఏడాదిన్నరలో మొదటిసారి తల తిప్పి ఈయన ముఖంలోకి చూశాడు.

"ఇన్నవా అల్లుడా, దీని మాట?"

"ఇన్న మామా," అన్నాడు ఈయన.

"నేను కుంచెడు అన్న. గడ్డలు కుంచెడు."

"నాకు గడ్డలని చెప్పలే మామా. ఇత్తనమనే చెప్పింది. కుంచెడేనా అని నేను మళ్ళ అడిగిన సుత."

"అడిగినవా? అడిగితె ఏమన్నది?"

"నీకు నోరున్నది, నువ్వే అడుగు అన్నది."

"గట్లన్నదా! చూసినవా! గిసొంటి దాన్ని తెచ్చి నీ మెడకు కట్టిన. ఎట్ల ఏగుతున్నవయ్యా దీంతోని?"

"పెంచింది నువ్వే గద మామా."

బాపు నవ్వాడు. నవ్వు ఆపుకోవడానికి గట్టు మీద కూర్చున్నాడు. ఈయనా పోయి పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఎవరు ఎవరితో ఏమన్నారో, రొట్టె మాడిన దగ్గర నుంచి కిరాణం సేటు డబ్బా దాకా ఒక్కో మాటా మొదటి నుంచి లాగారు. మధ్యమధ్యలో నన్ను తిట్టుకున్నారు, ఇద్దరూ ఒకటై, మనసారా. చుట్టలు వెలిగించారు. వచ్చే ఏడు ఎన్ని మళ్ళలో గడ్డ పెట్టాలి, ఎన్నిట్లో నారు పోయాలి అని మాట పెరిగి కాసేపు గొంతులు లేచాయి కూడా. నీకేం తెలుసంటే నీకేం తెలుసన్నారు.

నేను వంగి ఉల్లి పీకుతూనే ఉన్నాను. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా ఉల్లి. ఆ మడి అయిపోయింది, పక్క మడిలో దిగాను, నడుము విరిగిపోతోంది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నన్ను ఎవరూ పిలవలేదు.